బస్తర్ రోడ్డుకు జవాను పేరు: ఎవరు పెట్టాలి, ఎలా పెడతారు, ఎక్కడ చిక్కు?

భద్రాచలం నుంచి చింతూరు మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిలో, కుంట దాటిన తర్వాత దోర్నపాల్ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడ ఎడమకు తిరిగితే జగర్‌గుండ వరకూ 56 కిలోమీటర్లు. దారిలో పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతల్‌నార్ తగులుతాయి. ఈ పేర్లు తెలుగు పాఠకులకు కొత్త కాదు. చాలా ఏళ్ల పాటు ఇవి వార్తల్లోకి వచ్చాయంటే, పక్కన మృతుల సంఖ్య ఉందన్నమాటే.

2010 ఏప్రిల్ 6న చింతల్‌నార్ క్యాంపు నుంచి వెళ్లిన బలగాలపై తాడ్‌మెట్ల దగ్గర మావోయిస్టులు దాడి చేశారు. 76 మంది చనిపోయారు. వారిలో 75 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు, ఒకరు రాష్ట్ర పోలీసు. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర మరో 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజు వాళ్లు కూంబింగ్‌కు వెళ్లలేదు. ఈ రోడ్డు పనులకే కాపలాగా ఉన్నారు. అంతకు ఆరు వారాల ముందు, మార్చి 11న, ఇదే జిల్లాలోని భెజ్జి దగ్గర రోడ్డు భద్రత విధుల్లో ఉన్న 12 మంది చనిపోయారు.

ప్రభుత్వ కాగితాల్లో మాత్రం ఇది ‘దోర్నపాల్–జగర్‌గుండ రోడ్డు’. మొదలయ్యే ఊరు, ముగిసే ఊరు. అంతే.

విధి నిర్వహణలో మరణించిన జవాను పేరు రోడ్డుకు పెట్టాలనే కోరిక దేశంలో చాలా చోట్ల వినిపించేదే. అయితే మామూలుగా జవాను చనిపోయే చోటు ఒకటి, ఆయన పేరు నిలిచే చోటు మరొకటి. సరిహద్దులో కన్నుమూస్తారు, సొంతూరి దారికి పేరు పెడతారు. బస్తర్‌లో స్థానిక యువకులతో ఏర్పడిన డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ విషయంలో ఈ రెండూ ఒకే దారి కావచ్చు. చనిపోయిన రోడ్డూ, ఇంటికి వెళ్లే రోడ్డూ పక్కపక్కనే. పేలిన మందుపాతర పెట్టినవాళ్లదీ పక్క ఊరే కావచ్చు. ఒక బోర్డు మీద పేరు రాయడమనే చిన్న పని ఇక్కడ పెద్ద ప్రశ్న కావడానికి కారణం ఇదే.

ముందు, ఆ రోడ్డు ఎవరిది?

పేరు పెట్టే అధికారం రోడ్డు యజమానితో ముడిపడి ఉంటుంది. జాతీయ రహదారి అయితే కేంద్ర రోడ్డు రవాణా శాఖది. రాష్ట్ర రహదారి, జిల్లా ప్రధాన రహదారి అయితే రాష్ట్ర ప్రజా పనుల శాఖది. ఊరి లోపలి దారులు పంచాయతీవి. ఈ మధ్యలో ఉన్నవే గ్రామీణ రోడ్లు. వీటిలో అధిక భాగం 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసినవి.

ఈ పథకంలో ప్రతి రోడ్డుకూ పేరు కంటే ముందు ఒక సంకేతం ఉంటుంది. బ్లాకు స్థాయి ప్రణాళికలో ముఖ్యమైన దారులను ‘టీ’ అక్షరంతో, వాటికి ఊళ్లను కలిపే దారులను ‘ఎల్’ అక్షరంతో, పక్కన అంకెలతో గుర్తిస్తారు. ఓమాస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో నిధులు, పనులు, తనిఖీలు అన్నీ ఈ లెక్కన నమోదవుతాయి. పేరు కాలమ్‌లో ఫలానా ఊరి నుంచి ఫలానా ఊరికి అని ఉంటుంది. రోడ్డు మొదట్లో నిలబెట్టే బోర్డు మీద పొడవు, ఖర్చు, కాంట్రాక్టరు, పూర్తయిన తేదీ, ఐదేళ్ల నిర్వహణ వివరాలు రాయాలి. కిలోమీటరు రాయి పైభాగానికి నారింజ రంగు వేస్తారు. మనిషి పేరుకు ఈ నమూనాలో ప్రత్యేకంగా చోటు లేదు.

మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల కోసం ప్రత్యేక పథకాలు కూడా ఉన్నాయి. 2009లో 34 జిల్లాలకు ఒక రోడ్ల ప్రణాళిక వచ్చింది. 2016 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం 44 జిల్లాలకు మరో పథకాన్ని ఆమోదించింది. దాని కింద సుమారు 5,412 కిలోమీటర్ల రోడ్లు, 126 వంతెనలకు రూ.11,725 కోట్ల అంచనా వేశారు. వీటిలో ఏ రోడ్లు వేయాలనే ఎంపికలో భద్రతా సంస్థల అభిప్రాయానికి ప్రాధాన్యం ఉంటుంది. టెండరుకు కాంట్రాక్టర్లు ముందుకు రాని చోట పోలీసు శాఖకే చెందిన నిర్మాణ సంస్థ రంగంలోకి దిగింది. దోర్నపాల్–జగర్‌గుండ రోడ్డును ఛత్తీస్‌గఢ్ పోలీస్ హౌసింగ్ కార్పొరేషన్ కాంక్రీటుతో వేసింది. తారు రోడ్డు కింద మందుపాతర దాచినంత సులువుగా కాంక్రీటు కింద దాచలేరన్నది ఒక లెక్క.

కాగితం ఎలా కదులుతుంది?

జవాను పేరు రోడ్డుకు పెట్టడం రెండు స్థాయుల్లో జరుగుతుంది. ఒకటి ఊరి స్థాయి: ద్వారం కడతారు, కూడలిలో విగ్రహం పెడతారు, ‘శహీద్ ఫలానా మార్గ్’ అని బోర్డు రాయిస్తారు. దీనికి పంచాయతీ తీర్మానం, స్థలం ఉన్న శాఖ అభ్యంతరం చెప్పకపోవడం చాలు. రెండోది రికార్డు స్థాయి: రోడ్డు యజమాని అయిన శాఖ ఉత్తర్వు ఇచ్చి, తన రిజిస్టర్లలో పేరు మార్చడం. చాలా సందర్భాల్లో మొదటిది జరిగి రెండోది ఆగిపోతుంది. పదేళ్ల తర్వాత రోడ్డు వెడల్పు చేసినప్పుడు ద్వారం, బోర్డు పోతాయి. రికార్డులో పేరు లేదు కాబట్టి కొత్త బోర్డు మీదకు అది రాదు. కుటుంబాలు మళ్లీ కలెక్టరు కార్యాలయం మెట్లెక్కాల్సి వస్తుంది. కాబట్టి ద్వారం ప్రారంభోత్సవం కన్నా ఆ ఒక్క పేజీ ఉత్తర్వే విలువైనది, దానికి ఫొటోగ్రాఫర్లు రాకపోయినా.

ఊరి పేరే మార్చాలంటే దారి ఇంకా పొడవు. కేంద్ర హోంశాఖ 1953లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇప్పటికీ ఆధారం. రైల్వే, తపాలా శాఖ, సర్వే ఆఫ్ ఇండియా తమకు అభ్యంతరం లేదని చెప్పాలి. అలాంటి పేరు దగ్గరలో మరొకటి ఉండకూడదు. రోడ్డు పేరుకు ఇంత తతంగం లేదు. అందుకే నాయకులు రోడ్డు పేరు హామీని తేలిగ్గా ఇస్తారు, తేలిగ్గా మరిచిపోతారు.

బస్తర్ డివిజన్ రాజ్యాంగం ఐదో షెడ్యూలు కిందికి వస్తుంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఆదివాసుల సంప్రదాయాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభది. ఛత్తీస్‌గఢ్ దీనికి నియమాలు తెచ్చుకోవడానికి 2022 ఆగస్టు దాకా పట్టింది. రోడ్డు పేరు అనే మాట చట్టంలో విడిగా లేకపోయినా, ఊరి నేల మీద ఎవరి జ్ఞాపకం నిలవాలన్నది సాంస్కృతిక గుర్తింపు కాకపోతే మరేమిటి? ఈ లెక్కన మొదటి మాట గ్రామసభదే కావాలి. కానీ ఇక్కడ గ్రామసభ తీర్మానం అనే కాగితానికి ఉన్న విశ్వసనీయత తక్కువ. బైలాదిల్లా 13వ నంబరు ఇనుప గనికి సంబంధించి 2014లో జరిగిందని చెప్పిన హిరోలి గ్రామసభ నకిలీదని తర్వాత అధికారిక విచారణలోనే తేలింది. క్యాంపు పక్కన, తుపాకుల మధ్య జరిగిన సభలో జనం చేతులెత్తారంటే అది పేరు మీద ఇష్టంతోనా, భయంతోనా అన్న అనుమానం మిగులుతుంది. అది జవాను జ్ఞాపకానికీ గౌరవం కాదు.

‘అమరుడు’ ఎవరు?

అధికారిక భాషలో ఎవరూ కాదు. ‘శహీద్’, ‘అమరుడు’ అనే మాటలకు సైన్యంలో గానీ, పోలీసు, పారామిలటరీ బలగాల్లో గానీ నిర్వచనం లేదని రక్షణ, హోం శాఖలు 2017లో కేంద్ర సమాచార కమిషన్‌కు తెలిపాయి. సైన్యంలో ‘బ్యాటిల్ క్యాజువాల్టీ’, పోలీసు బలగాల్లో ‘ఆపరేషన్స్ క్యాజువాల్టీ’ అనే మాటలే వాడతారు. అయినా మంత్రుల ప్రసంగాల నుంచి పాఠశాల గోడల దాకా అందరూ వాడేది శహీద్ అనే మాటనే. ఛత్తీస్‌గఢ్‌లో ఈ మాటతో మొదలయ్యే ప్రభుత్వ సంస్థలు ఎన్నో ఉన్నాయి. జగదల్‌పూర్ వ్యవసాయ కళాశాల 1910 భూంకాల్ తిరుగుబాటు నాయకుడు గుండాధూర్ పేరు మీద ఉంది. అదే ఊళ్లోని బస్తర్ విశ్వవిద్యాలయం ఇప్పుడు శహీద్ మహేంద్ర కర్మ విశ్వవిద్యాలయం.

ఈ రెండో పేరు దగ్గర కాస్త ఆగాలి. 2013 మే 25న ఝీరం లోయలో కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్‌పై జరిగిన దాడిలో కర్మ హత్యకు గురయ్యారు. అభిమానులకు ఆయన ‘బస్తర్ టైగర్’. 2005లో మొదలైన సల్వాజుడుం నాయకుడు కూడా ఆయనే. ఆ కాలంలో ఇళ్లు తగలబడి, ఊళ్లు ఖాళీ చేసి తెలుగు జిల్లాల అడవుల్లోకి వలస వచ్చిన వేల కుటుంబాలకు ఆ పేరు మరోలా వినిపిస్తుంది. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా ఆయుధాలిచ్చి వాడటం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు చెప్పింది. ఒక పేరు ఇద్దరికి రెండు రకాలుగా వినిపించే ప్రాంతంలో బోర్డు రాయడమంటే ఇదీ.

తెలుగువాళ్లకు ఈ చిక్కు తెలియనిది కాదు. అక్టోబరు 21న పోలీసు అమరవీరుల సంస్మరణ దినం జరుపుతాం. జులై 28 నుంచి వారం పాటు మావోయిస్టులు జరిపేవీ అమరవీరుల వారోత్సవాలే. హైదరాబాద్ గన్‌పార్క్‌లో 1969 తెలంగాణ ఉద్యమకారులకు నిలబెట్టినదీ అమరవీరుల స్థూపమే. ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గోండుల జ్ఞాపకంగా నిలిచినదీ స్థూపమే. మన భాషలో ఒకే మాట, ఒకే ఆకారం. కింద ఎవరి పేరుందో దగ్గరికెళ్లి చదివితేగానీ తెలియదు.

ఒకే రోడ్డు, ఎన్ని పేర్లు

జగర్‌గుండకు మరో వైపు నుంచి, బీజాపూర్ జిల్లా బాసగూడ నుంచి వచ్చే రోడ్డు ఉంది. బాసగూడను ఆనుకుని పారే వాగు తాలిపేరు. చర్ల దగ్గర ప్రాజెక్టు కట్టిన తాలిపేరు ఇదే. ఈ రోడ్డు వెంట, దానికి చుట్టుపక్కల ఉన్న ఊళ్లను వరసగా చూస్తే పేరు పెట్టడంలో ఉన్న కష్టం అర్థమవుతుంది.

వాగు దాటగానే సార్కేగూడ. 2012 జూన్ 28 రాత్రి ఇక్కడ భద్రతా బలగాల కాల్పుల్లో మైనర్లతో సహా 17 మంది చనిపోయారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులని అప్పుడు ప్రకటించారు. జస్టిస్ వి.కె.అగర్వాల్ న్యాయ విచారణ కమిషన్ నివేదిక 2019లో బయటికొచ్చింది. చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారాలు లేవని అందులో తేల్చారు.

ఇంకా ముందుకెళితే తర్రెం. ఆ పక్కనే టేకల్‌గూడ, జొన్నగూడ. 2021 ఏప్రిల్ 3న ఇక్కడ 22 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. వారిలో సీఆర్‌పీఎఫ్, డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్, స్పెషల్ టాస్క్ ఫోర్స్ మూడింటివాళ్లూ ఉన్నారు. విజయనగరానికి చెందిన రౌతు జగదీశ్, అప్పటి గుంటూరు జిల్లా సత్తెనపల్లి ప్రాంతానికి చెందిన శాఖమూరి మురళీకృష్ణ అనే ఇద్దరు తెలుగు కోబ్రా జవాన్లూ ఆ 22 మందిలోనే ఉన్నారు. 2024 జనవరి 30న అదే టేకల్‌గూడలో క్యాంపు పెట్టిన రోజే జరిగిన దాడిలో మరో ముగ్గురు జవాన్లు చనిపోయారు.

తర్రెం దాటితే సిల్గేర్. 2021 మే 17న, అంటే టేకల్‌గూడ ఘటనకు ఆరు వారాల తర్వాత, కొత్త క్యాంపు వద్దని గుమిగూడిన ఊరివాళ్లపై జరిగిన కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. తొక్కిసలాటలో గాయపడిన గర్భిణి తర్వాత మరణించారు. గుంపులో మావోయిస్టులు ఉన్నారని పోలీసులన్నారు. చనిపోయింది మామూలు రైతులేనని ఊళ్లు అన్నాయి. చనిపోయినవారి జ్ఞాపకంగా గ్రామస్థులు అక్కడే స్మారకం కట్టుకున్నారు.

ఈ రోడ్డుకు టేకల్‌గూడ జవాను పేరు పెట్టమంటే కాదనడానికి ఏ అధికారికీ కారణం ఉండదు. రోడ్డు వేయడానికి, ఆ దారిన అంబులెన్సు నడవడానికి వాళ్ల ప్రాణాలు ఖర్చయ్యాయి. కానీ ఆ బోర్డు కిందుగా ప్రతి వారం సంతకు నడిచేది సార్కేగూడ, సిల్గేర్ జనం. వాళ్ల మృతులకు న్యాయ కమిషన్ నివేదిక వచ్చాక కూడా ప్రభుత్వం వైపు నుంచి ఒక రాయి లేదు. అక్కడ జవాను పేరు పెట్టకూడదని కాదు. రోడ్డు మీద ఒక జాబితా మాత్రమే కనిపిస్తే రెండో జాబితా ఉన్నవాళ్లు ఆ బోర్డును తమ మీద గెలుపుకు గుర్తుగా చదువుకుంటారు.

బుర్కాపాల్‌లోనూ ఇదే కథ మరో రూపంలో ఉంది. 25 మంది జవాన్ల మరణం తర్వాత చుట్టుపక్కల ఊళ్ల ఆదివాసులను పెద్ద ఎత్తున అరెస్టు చేశారు. దాదాపు ఐదేళ్లు జైల్లో ఉన్నాక, 2022 జులైలో దంతెవాడలోని ఎన్ఐఏ ప్రత్యేక కోర్టు 121 మందిని నిర్దోషులుగా విడుదల చేసింది. జవాన్ల కుటుంబాలకు న్యాయం దొరకలేదు, ఊళ్లకూ దొరకలేదు. ఆ రోడ్డు మీద ఏ పేరు రాసినా ఈ రెండు నష్టాలూ దాని వెనకే ఉంటాయి.

అటు నుంచి ఇటు వచ్చినవాళ్లు

2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు దగ్గర మందుపాతర పేలి ఎనిమిది మంది జవాన్లు, వాహనం డ్రైవరు చనిపోయారు. ఆ ఎనిమిది మందిలో ఐదుగురు ఒకప్పుడు మావోయిస్టు పార్టీలో పనిచేసి, లొంగిపోయి, పోలీసు బలగంలో చేరినవాళ్లేనని బస్తర్ ఐజీ సుందర్‌రాజ్ చెప్పారు. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర పేలుడులో పది మంది రిజర్వ్ గార్డ్ జవాన్లు, డ్రైవరు మరణించారు.

రోడ్డు పేరు విషయంలో ఈ రెండు ఘటనలు రెండు ప్రశ్నలు వేస్తాయి. మొదటిది, జీవితంలో కొన్నేళ్లు అటు, కొన్నేళ్లు ఇటు ఉన్న మనిషి పేరును ఊరు ఎలా గుర్తుపెట్టుకుంటుంది? ఆయన దళంలో ఉన్నప్పుడు నష్టపోయిన కుటుంబం ఉండవచ్చు, బలగంలో చేరాక నష్టపోయిన కుటుంబం కూడా అదే వీధిలో ఉండవచ్చు. రెండోది, ఆ డ్రైవర్ల సంగతేమిటి? రెండు చోట్లా వాళ్లు యూనిఫాం వేసుకున్నవాళ్లు కాదు. అదే బండిలో, అదే క్షణంలో చనిపోయారు. వార్తల్లో వాళ్లను ‘మరియు ఒక డ్రైవరు’ అన్నారు. బోర్డు రాసేటప్పుడు ఆ ‘మరియు’ కూడా మాయమవుతుంది.

ఇంకో వాస్తవ సమస్య ఉంది. చాలా కాలం రిజర్వ్ గార్డ్ జవాను తన సొంతూరికి వెళ్లడమే కుదిరేది కాదు. సెలవులో ఊరికో, సంతకో వెళ్లిన జవాన్లను మావోయిస్టులు చంపిన ఘటనలు ఎన్నో. కుటుంబాలు జిల్లా కేంద్రాల్లో, పోలీసు లైన్ల దగ్గర తలదాచుకున్నాయి. అలాంటప్పుడు ఊరి రోడ్డుకు పేరు పెట్టడమంటే అక్కడ మిగిలిన బంధువుల ఇంటికి దారి చూపించడమే. అందుకే స్మారకాలు ఎక్కువగా జగదల్‌పూర్‌లోని అమర్ వాటికలాంటి చోట్ల, క్యాంపుల లోపల వెలిశాయి. 2025 మేలో అబూజ్‌మడ్‌లో పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు, నవంబరులో మారేడుమిల్లి అడవుల్లో మడవి హిడ్మా మరణించాక, లొంగుబాట్లు పెరిగాక పరిస్థితి మారింది. పేరును క్యాంపు గోడ దాటించి ఊరి దారి మీదకు తేవడం ఇప్పుడే సాధ్యపడుతోంది. అదే సమయంలో, ఊళ్లలో మావోయిస్టులు కట్టిన ఎర్ర స్థూపాలను బలగాలు కూలుస్తూ వెళ్లాయి. ఒక స్థూపం పడగొట్టిన చోటే మరో స్తంభం లేస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారో వేరే చెప్పనక్కర్లేదు.

దారి పక్క రాళ్లు

బస్తర్‌లో చనిపోయినవారికి దారి పక్కన గుర్తు పెట్టడం ప్రభుత్వం నేర్పిన పని కాదు. మాడియా గోండులు మృతుల జ్ఞాపకంగా నిలువు రాళ్లు పాతుతారు. గోండిలో వాటిని ఉరస్కల్ అంటారు. ‘కల్’ అంటే రాయి. మన వీరగల్లులోని ‘కల్లు’ కూడా అదే. దంతెవాడ నుంచి బచేలి వెళ్లే దారిలో గామావాడ దగ్గర ఇలాంటి పెద్ద రాతి స్తంభాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. బ్రిటిష్ కాలపు అధికారి గ్రిగ్సన్ 1938లో ప్రచురించిన మాడియా గోండుల పుస్తకంలో, ఆ తర్వాత వెరియర్ ఎల్విన్ రచనల్లో ఈ ఆచారం వివరంగా కనిపిస్తుంది. రాళ్లతో పాటు చెక్క స్తంభాలు, ఈ కాలంలో రంగులేసిన పలకలు కూడా పెడుతున్నారు. వాటి మీద చనిపోయిన మనిషి బతుకులోని వస్తువులు, జంతువులు, పక్షులు, కొన్నిటి మీద మోటారు వాహనాలు కూడా ఉంటాయి.

వీరగల్లుకూ ఉరస్కల్‌కూ ఒక తేడా ఉంది. తెలుగు నేల మీది వీరగల్లు ప్రధానంగా పోరులో, పశువులను కాపాడబోయి పడిపోయిన వీరుడిది. ఉరస్కల్ వీరుడిదే కానక్కర్లేదు. పెద్ద వయసులో మంచాన పోయిన తాతకూ ఉంటుంది. అది నిలబెట్టేది రక్తసంబంధీకులు, గోత్రం వాళ్లు. ఎవరు ఎలా చనిపోయారన్నది కాదు, ఎవరివాళ్లు అన్నది ముఖ్యం. జవాను కుటుంబం ఈ రాయి పెట్టుకోవడానికి ఏ ఉత్తర్వూ అక్కర్లేదు, పక్కింటివాళ్లు అభ్యంతరం చెప్పే ఆచారమూ లేదు. రోడ్డు పేరు దీనికి భిన్నం. అది ఆ దారిన నడిచే అందరి నోటా పలికించాలనుకునే పేరు.

మిగతా చోట్ల

ఉత్తరప్రదేశ్ ప్రజా పనుల శాఖ ‘జై హింద్ వీర్ పథ్’ పేరుతో అమర జవాన్ల ఊళ్లకు వెళ్లే రోడ్లను వేసి, వారి పేరు పెట్టే పథకం తెచ్చింది. పేరుతో పాటు రోడ్డు కూడా వస్తుంది. ఇందులో తెలివి ఇదే. 2023 జనవరి 23న కేంద్రం అండమాన్‌లోని 21 దీవులకు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు పెట్టింది. తెలంగాణలో, గల్వాన్‌లో 2020 జూన్ 15న మరణించిన కర్నల్ సంతోష్ బాబు విగ్రహాన్ని ఏడాది తర్వాత అదే రోజున సూర్యాపేటలో ఆవిష్కరించి, ఆ కూడలికి ఆయన పేరు పెట్టారు. ఆంధ్రప్రదేశ్‌లో, 2025 మేలో జమ్మూకశ్మీర్ సరిహద్దులో పాక్ కాల్పుల్లో మరణించిన అగ్నివీర్ మురళీ నాయక్ స్వగ్రామం, గోరంట్ల మండలం కల్లి తండాను మురళీ నాయక్ తండాగా మారుస్తామని అంత్యక్రియల సందర్భంగా ప్రకటించారు. ఈ పేర్ల మీద ఊళ్లో రెండో అభిప్రాయం ఉండదు. శత్రువు సరిహద్దుకు అవతల ఉన్నాడు. బస్తర్‌కు ఈ సౌలభ్యం లేదు. హైదరాబాద్ ఎస్సార్ నగర్ కూడలిలో నిలబడ్డ ఉమేశ్‌చంద్ర విగ్రహం బస్తర్ పరిస్థితికి కాస్త దగ్గర పోలిక. 1999 సెప్టెంబరు 4న అదే కూడలిలో నక్సలైట్లు ఆయన్ను కాల్చి చంపారు. అయితే అది నగరం. విగ్రహం ముందు ఆగే బస్సుల్లో ఇరు పక్షాల బంధువులు పక్కపక్కన కూర్చున్నా ఒకరినొకరు గుర్తుపట్టరు.

బోర్డు కింద రోడ్డు ఉందా?

2021 ఏప్రిల్‌లో టేకల్‌గూడ దాడి తర్వాత కోబ్రా జవాను రాకేశ్వర్ సింగ్ మన్హాస్‌ను మావోయిస్టులు ఎత్తుకెళ్లారు. ఏప్రిల్ 8న ఆయన్ను విడిపించి తెచ్చిన బృందంలో స్థానిక విలేకరులూ ఉన్నారు. వారిలో ఒకరు బీజాపూర్‌కు చెందిన ముకేశ్ చంద్రాకర్. ‘బస్తర్ జంక్షన్’ అనే యూట్యూబ్ ఛానల్ నడిపేవారు. గంగాలూరు వైపు రోడ్డు పనుల్లో అవినీతి మీద వార్త వచ్చాక, 2025 జనవరి 1న ఆయన కనిపించకుండా పోయారు. జనవరి 3న ఒక కాంట్రాక్టరుకు చెందిన స్థలంలోని సెప్టిక్ ట్యాంకులో శవం దొరికింది. ప్రధాన నిందితుడిగా పోలీసులు చెప్పిన ఆ కాంట్రాక్టరు హైదరాబాద్‌లో పట్టుబడ్డారు. బీజాపూర్‌లో కట్టే పాత్రికేయుల భవనానికి ముకేశ్ పేరు పెడతామని ముఖ్యమంత్రి విష్ణుదేవ్ సాయ్ ప్రకటించారు.

జవాన్లు కాపలా కాసి, ప్రాణాలిచ్చి వేయించిన రోడ్డు నాణ్యతను అడిగినందుకు ఒక విలేకరి చనిపోయాడు. రోడ్డుకు పేరు పెట్టే చర్చలో ఈ సంగతి తప్పనిసరిగా ఉండాలి. పథకం నియమం ప్రకారం కాంట్రాక్టరు ఐదేళ్లు నిర్వహణ చూడాలి. గుంతలు పడి, కల్వర్టు కూలిన రోడ్డు మొదట్లో జవాను పేరు మెరుస్తుంటే ఆ కుటుంబం రోజూ ఆ గుంతల మీదుగానే వెళ్లాలి. పేరు పెట్టే ఉత్తర్వులోనే నిర్వహణ నిధుల మాట, బాధ్యుడైన ఇంజినీరు హోదా రాయిస్తే పంచాయతీ చేతికి అడిగే హక్కు వస్తుంది. ఇప్పటి రివాజులో శిలాఫలకం మీద మంత్రి పేరు పెద్దగా, జవాను పేరు మధ్యలో, కాంట్రాక్టరు పేరు వేరే బోర్డు మీద ఉంటాయి.

ఏ భాషలో రాయాలి?

చివరగా బోర్డు మీద అక్షరాలు. ప్రభుత్వ బోర్డులు హిందీలో ఉంటాయి. దక్షిణ బస్తర్ పల్లెల్లో మాట్లాడేది గోండి, దాని కోయ రూపాలు, కుంట, భోపాలపట్నం వైపు తెలుగుకు దగ్గరైన దోర్లీ, జగదల్‌పూర్ చుట్టూ హల్బీ. పామేడు లాంటి చోట్ల నిన్నమొన్నటి దాకా సరుకులకైనా ఆస్పత్రికైనా చర్లకే వచ్చేవాళ్లు. అక్కడ తెలుగు మాట్లాడటం రానివాళ్లు తక్కువ. పామేడు పోలీస్ స్టేషన్‌కు కూడా చాలా ఏళ్లు తెలంగాణ మీదుగానే చేరుకునేవారు. 2024లో మొదలైన ‘నియద్ నెల్లనార్’ పథకానికి ప్రభుత్వం గోండి పేరే పెట్టుకుంది. మీ మంచి ఊరు అని దాని అర్థం. పథకానికి గోండి పేరు దొరికినప్పుడు రోడ్డు బోర్డుకు దొరకదా? చనిపోయిన జవాను తల్లి చదువుకోకపోయినా, బోర్డును చదివి వినిపించే మనవడు ఆమె మాట్లాడే మాటలోనే చదవగలిగేలా రాయించమని తీర్మానంలో ఒక వాక్యం చేర్చడానికి గ్రామసభకు ఎవరి అనుమతీ అక్కర్లేదు.